దొరసాని అడిగిన తులసి

పోయిన ఆదివారం మా మనవరాలు సుధ హైదరాబాదు నుంచి కరీంనగర్ వచ్చింది. ఒక్కతే రాలేదు, వెంట ఒక అబ్బాయిని తెచ్చింది. "మా ఆఫీసులో ఫ్రెండ్, అమ్మమ్మా. పేరు వరుణ్" అంది. ఫ్రెండ్ అనే మాట దగ్గర దాని గొంతు మెత్తబడింది. నాకు చెవులు కొంచెం మందగించిన మాట నిజమే గానీ, ఇలాంటివి మాత్రం ఇప్పటికీ శుభ్రంగా వినపడతాయి. మా అమ్మాయి, అంటే సుధ వాళ్ళమ్మ, మొహాన ఒక నవ్వు అతికించుకుని వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుళ్ళ మధ్య సుధ నా కుర్చీ పక్కన కూలబడి, "అమ్మమ్మా, అమ్మ నీ మాట ఒక్కటే వింటుంది. వాణ్ణి నువ్వు చూసి చెప్పు. నువ్వు బాగున్నాడంటే బాగున్నట్టే" అని చెవిలో ఊదింది. ఏం చూడాలే తల్లీ? ముక్కూ మొహమూ చక్కగానే ఉన్నాయి. మనిషిని చూడటమంటే అంతేనా?

ఇంతలో ఆ అబ్బాయి చొక్కా చేతులు మడిచి, "ఆంటీ, ఇవాళ వంట నాది. ఎండాకాలం కదా, తేలిగ్గా పాస్తా చేస్తా" అంటూ వంటింట్లో దూరాడు. మా అమ్మాయి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతను సంచీలోంచి టమాటలు తీశాడు, ఎల్లిగడ్డ తీశాడు, ఆఖరుకు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి మూత తెరిచాడు. అంతే! హాల్లో కూర్చున్న నా ముక్కుకు ఆ వాసన వచ్చి తగిలింది. లేచి గోడ పట్టుకుని పోయి చూద్దును కదా, పత్తిలో పెట్టిన బంగారంలాగా డబ్బాలో గుప్పెడు ఆకులు. "ఏందయ్యా ఇది?" అన్నాను. "బేసిల్ అమ్మమ్మా. ఇటాలియన్ తులసి అనుకోండి" అన్నాడు. ఇక చూసుకోండి నా నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వాను. పాపం ఆ పిల్లవాడు తానేం తప్పన్నాడో తెలియక సుధ వంక చూశాడు. మా అమ్మాయి మంచినీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వీళ్ళకెలా చెప్పను, ఆ ఇటాలియన్ తులసి మూలంగానే కదా నేను మందమర్రి కోడలిని కాకుండా తప్పించుకున్నది!

అప్పుడు మేం బెల్లంపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు. ఇటు ఉల్లిగడ్డ వేగితే అటు తుమ్ములొచ్చేవి. మా వరుసలో ఎక్కడెక్కడివాళ్ళో ఉండేవాళ్ళు. కుడివైపు చాందా నుంచి వచ్చిన మరాఠీ ఆమె, మేమంతా కాకూ అని పిలిచేవాళ్ళం. ఎడమవైపు ధర్మపురి నుంచి వచ్చిన కుటుంబం. మేమేమో మిషన్ గుడికి పోయే కిరస్తానపువాళ్ళం. తెల్లవారకముందే బాయి కూత వేసేది. బాపు, అదే మా నాన్న, మొదటి షిఫ్టుకు పోయేవాడు, మా అవ్వ, అంటే అమ్మ, బొగ్గుల కుంపటి వాకిట్లో పెట్టి విసనకర్రతో విసిరేది. ఆ పొగ, తడిసిన వాకిలి, ఆరేసిన బాపు బాయి బట్టల వాసన, అన్నీ కలిసి ఒక రకం పొద్దు. బాపు మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి కళ్ళూ పళ్ళూ తప్ప మనిషి కనపడేవాడు కాదు. ఆయన స్నానానికి అవ్వ తోడిన నీళ్ళు మోరీలో నల్లగా పారుతుంటే, మా ఇంటికి బువ్వ ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

ఇంట్లో పెత్తనం మాత్రం బాపుది కాదు, నాయినమ్మది. బాపు తప్పటడుగులు వేసే రోజుల్లో ఆమె బాప్తిస్మం పుచ్చుకుందట. అక్షరం ముక్క రాదు గానీ తలగడ కింద బైబిలు పెట్టుకునేది. నా చేత చదివించుకుంటూ, నేనొక వాక్యం ఎగరగొడితే, "గీడ ఇంకొకటుండాలె గదనే, మింగినవా?" అని పట్టేసేది. ఆదివారం గుడిలో ముందు వరుస ఆమెదే. అయినా కాకూ ఇంటి ముందున్న తులసికోట పక్క నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచేది. ఎందుకని అడిగితే, "చెప్పు కరుస్తుందే" అనేది. కోట దాటగానే ఆ చెప్పు కరవడం మానేసేది. ఇంకొక చిత్రం కూడా ఉంది. మనిషి మంచో చెడో ఆమె భోజనం దగ్గర తేల్చేది. మాట తీరు, బట్టల తీరు ఏవీ ఆమెకు పట్టవు. ఒకసారి మా ఇంట్లో అన్నం వదిలేసి లేచిన ఒక పెద్దమనిషి గురించి, ఆయన ప్రసంగానికి ఊరంతా ఏడ్చినా, ఈమె మాత్రం "గా మనిషిని నేను నమ్మ" అని ఒక్క ముక్కతో కొట్టేసింది.

నా సంగతేమిటంటే, నాకు నర్సు చదువు మీద పిచ్చి పట్టింది. ఆ ఎండాకాలం మిషన్ దవాఖాన దొరసాని మా గుడికి పిల్లల బైబిలు బడి నడపడానికి వచ్చింది. ఒక పిల్లవాడు రాయి తగిలి కాలు చీల్చుకుంటే నేను నా ఓణీ చింపి కట్టాను. అది చూసి, "ఈ పిల్లను నాతో పంపండి, మూడొంతులు నర్సు అయిపోయింది, మిగిలింది నేను నేర్పుతాను" అన్నట్టుగా బాపుతో చెప్పింది. అన్నట్టుగా అని ఎందుకంటున్నానంటే, ఆమె తెలుగు మన తెలుగు కాదు. ఎవరో పాతకాలపు పంతులు పుస్తకం చేతికిచ్చి నేర్పిన తెలుగు. "మీ మనుమరాలిని నాతో పంపుడి" అని ఆమె చేతులు జోడిస్తే, నాయినమ్మ నా వైపు తిరిగి, "పంపుడి అంటే ఏందే? పంపుమంటుందా, పంపద్దంటుందా?" అని గుసగుసగా అడిగింది.

నాకు తెలిసి నాయినమ్మ పంపదు. మందమర్రిలో ఆమె తమ్ముడి మనవడొకడు కొత్తగా బాయి పనిలో చేరాడు. వాడికి నన్నిచ్చి చేయాలని ఆమె అంతకుముందు నుంచే అనుకుంటోంది. పిల్లవాడు మంచివాడే. తన జోకులకు తానే ముందు నవ్వి, ఎదుటివాళ్ళకు ఆ కష్టం లేకుండా చేసేవాడు. వాడి మీద నాకేమీ పగ లేదు, నాకు పెళ్ళే వద్దు. బాపును బతిమాలితే, "మీ నాయినమ్మ ఊ అంటెనే బిడ్డా. నా చేతుల ఏం లేదు" అన్నాడు. నాయినమ్మను బతిమాలితే, "నువ్వు బుక్కెడు బువ్వ తినాల్నంటే నేను ఎంటబడాలె. గాడ నీ ఎంట ఎవరు పడ్తరు? గా తెల్లోళ్ళు ఏం తింటరో ఏందో" అంది. అదే మాట దొరసాని మొహం మీద కూడా అనేసింది. దొరసాని కొంచెం కూడా తడబడలేదు. "మేమేమి తిందుమో మీరే రుచి చూడుడి. శనివారము మీ యింట నేనే వండెదను. నా తల్లి ఇటలీ దేశస్థురాలు. వేసవిలో ఆమె చేయు వంటకము చేసెదను" అంది. నాయినమ్మ అంతకన్నా గట్టిది. "రానియ్యి. గామె వండింది తిని చెప్త" అంది. శనివారం నాడు ఒక పళ్ళెంలో నా బతుకు తేలుతుందన్నమాట.

ఆ శనివారం మా వాకిట్లో జరిగింది వంట కాదు, జాతర. దొరసానికి పీట మీద కూర్చోవడం రాదు. కాళ్ళు ముందుకు చాపి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని గోధుమపిండిలో గుడ్లు కొట్టి పిసికింది. దాన్ని చపాతీలాగా పలుచగా ఒత్తింది. సరే, ఇక పెనం మీద వేస్తుందనుకుంటే, చాకు తీసుకుని సన్నగా పొడుగ్గా కోయడం మొదలుపెట్టింది. "చపాతీ మీద ఏం కోపమొచ్చెనే ఈమెకు?" అంది నాయినమ్మ. కోసిన ముక్కలన్నీ ఆరాలని బట్టల దండెం మీద వేలాడదీసింది. మా కోడి ఎగిరి ఒక ముక్క లాక్కుపోతే దాని వెంట మిగతా కోళ్ళన్నీ పడ్డాయి. అప్పుడే బాయి నుంచి వచ్చిన బాపు దండెం వంక చూసి, "మంచం నులక ఊడదీసిన్రా ఏంది? గట్టిగనే ఉండె గద" అన్నాడు. మా అవ్వ ఎన్నడూ నోరు విప్పని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

టమాటలకు ఇబ్బంది లేదు. స్నానాల నీళ్ళు పారే చోట అవ్వ వేసిన మొక్కలు ఎండలకు మాడకుండా ఎర్రగా కాసి ఉన్నాయి. ఎల్లిగడ్డ, పల్లినూనె ఇంట్లో ఉన్నవే. అంతా సవ్యంగా నడుస్తుంటే దొరసాని, "కొంచెము జున్ను కావలెను" అంది. చీజును ఆమె పుస్తకం జున్ను అని నేర్పిందట. నాయినమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "బర్రె ఈననిదే జున్ను ఎక్కడికెల్లి తేవాలె? ఈమె కోసం బర్రెను ఈనుమందునా?" దొరసానికి అర్థం కాకపోయినా జున్ను లేదని తెలిసింది. "చింత లేదు" అంది. "చింతపండు కూడ వద్దటనే" అంది నాయినమ్మ. అక్కడితో ఆగినా బాగుండేది. దొరసాని టమాటలు నూనెలో మగ్గుతుంటే మూత తీసి చూసి, ఎల్లిగడ్డ దంచి వేసి, చేతులు తుడుచుకుని, ఎంతో సంతోషంగా, "ఇప్పుడు ముఖ్యమైనది. నాకు తులసి దళములు కావలెను" అంది.

నాయినమ్మ మెల్లగా లేచి నిలబడింది. "తులసమ్మనా? ఎల్లిగడ్డల ఏసుకొని తింటదా?" అంది. బాపు సర్దబోయాడు. "మనం కిరస్తానపోళ్ళం గదనే, మనకేంది?" ఆ మాటతో ఆమెకు ఇంకా మండింది. "నోర్మూయిరా! కిరస్తానమైతే సిగ్గుండద్దా? పక్కింటామె పొద్దున లేస్తె దండం పెట్టుకునే చెట్టు. గాదాన్ని తెంపి కూర వండుతదా! గింత తెలువని మనిషి చేతుల నా పిల్లను పెట్టాల్నా? పంపేది లేదు. రేపే మందమర్రికి కబురు చెయ్యి" అని చీపురుకట్టను కాలితో ఒక్క తన్ను తన్ని గడపలో కూర్చుంది. దొరసాని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఏమైందో ఆమెకు తెలియదు, పంతులు నేర్పిన పుస్తకంలో ఈ తిట్లు లేవు. మా అవ్వ నా వంక చూసి, కళ్ళతోనే కాకూ గోడ వైపు సైగ చేసింది.

నేను గోడ దూకాను. నా బతుకులో గోడ దూకింది అదొక్కసారే, దానికి ఇప్పటికీ నా మోకాలి మీద గుర్తుంది. కాకూ ఎండలో సేమియాలు చేసి ఆరబెట్టుకుంటోంది. విషయం చెప్పగానే, "అగ బాయి! తులశీ, లసూణ్ కలిపి?" అని బుగ్గలు నొక్కుకుని నవ్వింది. నేను ఏడుస్తుంటే నవ్వు ఆపి, "ఏడవకు పోరీ. తెల్లబాయికి వాసన కావాలె, అంతే గదా?" అని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ పగిలిన నూనెడబ్బాలో సబ్జా మొక్క గుబురుగా పెరిగి ఉంది. ఎండాకాలం చలవకని గింజలు నీళ్ళల్లో నానబెట్టి తాగుతామే, ఆ సబ్జా. కాకూ గుప్పెడు ఆకులు తెంపి నా ఓణీ కొంగులో పోసి, "ఆమెకేమో తులశీ అని చెప్పు. మీ నాయినమ్మకేమో సబ్జా అని చెప్పు. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు ఆమె మాట రాదు. ఎవ్వరు పట్టుకుంటరు?" అని కన్ను కొట్టింది.

నేను మళ్ళీ గోడ దూకి, నాయినమ్మ చెవిలో "సబ్జా" అన్నాను, దొరసాని చేతిలో ఆకులు పోసి "తులసి" అన్నాను. ఆమె ఒక ఆకు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. కదలలేదు. దొంగతనం బయటపడిందనే అనుకున్నాను. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి. "ఇదియే. నా తల్లి వంటయింటిలోని తులసి ఇదియే" అంది. నేనూ కాకూ కలిసి ఆమెను మోసం చేద్దామనుకుని, తీరా ఆమె అడిగిందే తెచ్చిచ్చామన్నమాట! నాయినమ్మ గడపలోంచి అంతా చూస్తోంది. మెల్లగా వచ్చి, దొరసాని చేతిలోంచి ఒక ఆకు తీసుకుని వాసన చూసి, "సబ్జా అంటరమ్మా దీన్ని. సబ్జా" అంది. "సబ్జా" అంది దొరసాని ముక్కు తుడుచుకుంటూ. "తల్లి యాదికొచ్చినట్టుంది పాపం" అని నాయినమ్మ నాతో అని, మళ్ళీ పోయి గడపలోనే కూర్చుంది. మెత్తబడింది గానీ ఊ అనలేదు.

అసలు గండం ఇంకా ముందుంది. దొరసాని కూరలో కారం వేయలేదు, వేయదు కూడా. కారం లేని ముద్ద నాయినమ్మ నోట్లో పెట్టదు. అందుకని నేను చాటుగా నాలుగు పచ్చిమిరపకాయలు ఉప్పేసి నూరి, నాయినమ్మ పళ్ళెంలో అడుగున కలిపి, పైన మామూలుది కప్పాను. అందరికీ ఒకే రకం సిలవర్ పళ్ళాలు. నాయినమ్మది నాయినమ్మ ముందే పెట్టాను. ప్రార్థన కోసం అందరం తల వంచి కళ్ళు మూసుకున్నాం. దొరసాని ప్రార్థన తీరిగ్గా, పుస్తకం తెలుగులో, భూమ్యాకాశములను దాటి మా వాకిలి దాకా వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆమేన్ అన్నాక తినడం మొదలైంది. దొరసాని రెండో ముద్దకే ఎర్రబడింది. మూడో ముద్దకు చెవులు కూడా ఎర్రబడ్డాయి. పళ్ళాలు తారుమారయ్యాయి! తొందరలో నేనే మార్చి పెట్టానేమో! ఆమె కళ్ళల్లో, ముక్కులో నీళ్ళు కారిపోతున్నాయి. "మీ ఊరి వెల్లుల్లి మిక్కిలి బలమైనది" అంది గొంతు పోయి. అయినా ఆపలేదు. నీళ్ళు తాగుతూ, ఎక్కిళ్ళు పడుతూ, ఆఖరి దారం దాకా తినేసి, పళ్ళెం ముందుకు జరిపి నా వైపు చూసి నవ్వింది.

నాయినమ్మ తన పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని అందరి వంకా ఒకసారి చూసింది. "సప్పగుంది" అంది. బాపు తల దించుకున్నాడు. నాకు మందమర్రి పిల్లవాడి నవ్వు వినపడటం మొదలైంది. "పిండి మంచిగనే ఉడికింది, టమాట పులుపు తగిలింది. గని ఉత్త సప్పగుంది. గిట్ల తినుకుంట రోగులకేం సేవ చేస్తరు వీళ్ళు? మన పిల్ల పోతె జర కారమేసుడన్న నేర్పుతది. తోలుకపో అమ్మా, తోలుకపో" అంది. తోలుకపో అనే మాట పుస్తకంలో లేదు కాబోలు, దొరసాని బిక్కమొహం వేసింది. నేను ఎగిరి గంతేయడం చూసి అప్పుడు అర్థం చేసుకుంది.

నన్ను రైలెక్కించడానికి అందరూ స్టేషనుకు వచ్చారు. అవ్వ కారప్పొడి మూట కట్టిచ్చింది, కాకూ సబ్జా గింజలు కాగితంలో చుట్టి ఇచ్చింది. రైలు కూత వేశాక నాయినమ్మ కిటికీ దగ్గరకు వచ్చి, నా చెవి పట్టుకుని దగ్గరకు లాగింది. "గా దినం పళ్ళెం నువ్వే తప్పు పెట్టిననుకుంటున్నవా? ప్రార్థనల కండ్లు మూసుకునేది మీరు. నేను మూసుకోలే. నువ్వు మిరపకాయలు నూరుడు చూసిన, పళ్ళెం మార్చిన" అంది. "గామెకు కోపమొస్తదా, ఉమ్మేస్తదా చూద్దామనుకున్న. మంట మండుతున్నా పెట్టింది ఇడువలే, నిన్నొక్క మాటనలే. గసొంటి మనిషి నిన్ను ఆగం చెయ్యది. ఫికర్ లేదు, పో బిడ్డా" అంటూనే ఏడ్చేసింది. రైలు కదిలి మందమర్రి దాటినా నాకు ఏడుపు ఆగలేదు. నేను నర్సునై మొదటిసారి తెల్ల చీర కట్టుకుని వచ్చేసరికి ఆమె లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అది పోయేది కాదు.

ఇప్పుడు ఆ సబ్జా ఆకే ఇంకో పేరు పెట్టుకుని, డబ్బాలో పడుకుని, ఏసీ బండి ఎక్కి వస్తోంది. మా పక్క వాటాలో ఎవరుంటారో నాకు తెలియదు. ఆకు కావాలన్నా దూకడానికి గోడ లేదు, ఉన్నా దూకే మోకాళ్ళు లేవు. పిండి పిసికే పని లేదు, కోడి ఎత్తుకుపోయే భయం లేదు, పొట్లం చించి నీళ్ళల్లో వేస్తే అయిపోయింది. తేలికే, కాదనను. ఎండల్లో చెమటలు కక్కుతూ కుంపటి ముందు కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది ఆ తేలిక విలువ. కానీ కొత్త మనిషిని చూసి చెప్పమంటే ఎలా చూడాలో మాత్రం నాకు పాత పద్ధతి ఒక్కటే తెలుసు.

ఆ ఆదివారం బల్ల మీద పళ్ళాలు పెట్టే పని నేను తీసుకున్నాను. నా పళ్ళెంలో అడుగున నాలుగు పచ్చిమిరపకాయల ముద్ద కలిపాను. అందరూ చెంచాలు పట్టుకోగానే, "ఆగండి, ప్రార్థన చేద్దాం" అన్నాను. మా అమ్మాయి విచిత్రంగా చూసింది, మేం బల్ల దగ్గర ప్రార్థన మానేసి చాలా కాలమైంది. అయినా అందరూ తల వంచారు. నేను దొరసానిలాగా భూమ్యాకాశాలన్నీ తిరిగి వచ్చి, చేయాల్సింది చేసి, ఆమేన్ అన్నాను. వరుణ్ తినడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి, నుదుట చెమట పట్టింది, ముక్కు ఎగబీల్చాడు. సుధ కంగారుగా నీళ్ళందించింది. అతను ఒక్క గుక్క తాగి, మళ్ళీ పళ్ళెం మీదికి వంగాడు. ఆఖరి ముక్క దాకా తిని, కళ్ళు తుడుచుకుని, నా వైపు వంగి ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు:

"అమ్మమ్మా, నేను ప్రార్థనలో ఒక కన్ను తెరిచే ఉంచాను."

సాయంత్రం సుధ వచ్చి, "చూశావు కదా, చెప్పు. అమ్మ అడుగుతోంది" అంది. మా అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను నాయినమ్మలాగా కొంగుతో మూతి తుడుచుకుని, ఇద్దరినీ ఒకసారి చూసి చెప్పాను.

"సప్పగ లేడు."